చేపలిచ్చిన నార్వే, కాగితమిచ్చిన స్వీడన్: సాయం వెనక ఉన్న లెక్కలు

ఈరోజు రెండు ఇరుగుపొరుగు దేశాల కథ చెప్పుకుందాం. నార్వే, స్వీడన్. ఒకరి భాష ఇంకొకరికి చాలావరకు అర్థమవుతుంది. 1905 దాకా ఇద్దరికీ ఒకే రాజు. పేద దేశాలకు సాయం చేయడంలోనూ ఇద్దరిదీ పెద్ద చెయ్యే. సంపన్న దేశాలు తమ జాతీయాదాయంలో 0.7 శాతం సాయంగా ఇవ్వాలని 1970లో ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టింది. ఏళ్ల తరబడి దాన్ని దాటిన కొద్ది దేశాల్లో ఇవి రెండూ ఉన్నాయి.

మరి ఇద్దరూ ఒకేలా ఇచ్చారా? లేదు. ఎందుకో చూద్దాం.

ముందు నార్వే. 1940లో హిట్లర్ సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించింది. ఐదేళ్లు పరాయి పాలన. తటస్థంగా ఉంటే ఎవరూ కాపాడరని వాళ్లకి అప్పుడే అర్థమైంది. అందుకే 1949లో నాటో పుట్టినప్పుడే అందులో చేరారు. కానీ అధికార లేబర్ పార్టీలోని వామపక్షానికి ఇది మింగుడు పడలేదు. డబ్బంతా సైన్యానికేనా, శాంతికి ఏమీ చేయరా అని అడిగారు. ఆ అసంతృప్తిని చల్లార్చడానికి కూడా పనికొచ్చిన ఆలోచనే భారత్‌కు సాయం.

1952లో ఐక్యరాజ్యసమితి, భారత్, నార్వే కలిసి ఒప్పందం చేసుకున్నాయి. చోటు ఇప్పటి కేరళలో కొల్లం దగ్గర నీండకర. నార్వేకి బాగా తెలిసిన పని ఏంటి? చేపల వేట. కాబట్టి మరబోట్లు, ఐస్ ఫ్యాక్టరీ తెచ్చారు. ఆరోగ్య కేంద్రం, మంచినీళ్ల ఏర్పాటు కూడా చేశారు. పేద మత్స్యకారుల బతుకు బాగుచేయాలన్నదే ఉద్దేశం.

ఇప్పుడు స్వీడన్. యుద్ధంలో తటస్థంగా ఉంది, నాటోలో చేరలేదు. అందుకే అమెరికాని ఎదురుగా తిట్టగలిగింది. 1968లో మంత్రిగా ఉన్న ఓలోఫ్ పామే, వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా జరిగిన ఊరేగింపులో ఉత్తర వియత్నాం రాయబారి పక్కనే నడిచాడు. 1969లో పాశ్చాత్య దేశాల్లో అందరికంటే ముందు ఉత్తర వియత్నాంని గుర్తించింది స్వీడనే. ఆ స్నేహంలోంచే బాయ్ బాంగ్ కాగితం మిల్లు పుట్టింది. స్వీడన్‌కి తెలిసిన పని అడవి, కలప, కాగితం కదా.

గమనించారా? ఇద్దరూ తమ చేతిలో ఉన్న విద్యనే సాయంగా ఇచ్చారు. తీసుకునేవాళ్ల ఊరు ఎలాంటిదన్న ప్రశ్న తర్వాత వచ్చింది.

ఫలితం ఏమైంది? కేరళ రొయ్యకి అమెరికా, జపాన్ మార్కెట్లలో మంచి ధర పలికింది. దాంతో డబ్బున్నవాళ్లు, అసలు వేట తెలియని వ్యాపారులు కూడా ట్రాలర్లు కొన్నారు. చిన్న పడవలవాళ్ల వల ఖాళీ అయింది. సముద్రంలో గొడవలు మొదలయ్యాయి. చివరికి 1988లో కేరళ ప్రభుత్వం వానాకాలంలో ట్రాలింగ్‌ని నిషేధించాల్సి వచ్చింది. బాయ్ బాంగ్ మిల్లు 1982లో ప్రారంభమైంది. ఖర్చు తొలి అంచనాని ఎన్నో రెట్లు దాటింది, కలప సరిపోలేదు. అడవిలో పనిచేసే కూలీల దుస్థితి మీద స్వీడన్‌లోనే పెద్ద రచ్చ జరిగింది. అయితే 1990లో స్వీడన్ వాళ్లు వెళ్లిపోయాక కూడా వియత్నామీలు ఆ మిల్లుని నడుపుకున్నారు. కాబట్టి పూర్తి వైఫల్యం అనలేం.

నార్వే అదే చేపల పాఠాన్ని కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గరా అమలు చేసింది. అక్కడివాళ్లు ప్రధానంగా పశువులు మేపుకునేవాళ్లు. ఫ్రీజింగ్ ప్లాంట్ కట్టారు గానీ, దాన్ని చల్లగా ఉంచే ఖర్చు చేపల ధరకి మించిపోయింది. ప్లాంట్ మూతపడింది.

తర్వాత దారులు ఇంకా విడిపోయాయి. చమురు దొరికిన నార్వే, 1972లో అప్పటి యూరోపియన్ కమ్యూనిటీలో, 1994లో యూరోపియన్ యూనియన్‌లో చేరేందుకు ప్రజల్ని అడిగితే రెండుసార్లూ వద్దన్నారు. ఆ దేశం శాంతి చర్చల మధ్యవర్తిగా పేరు తెచ్చుకుంది: 1993 ఓస్లో ఒప్పందం, 2002 శ్రీలంక కాల్పుల విరమణ. రెండూ నిలవలేదు. స్వీడన్ 1995లో యూనియన్‌లో చేరింది, 2014లో స్త్రీవాద విదేశాంగ విధానం ప్రకటించింది, 2022లో కొత్త ప్రభుత్వం దాన్ని వదిలేసింది. జాతీయాదాయంలో ఒక శాతం సాయం అన్న పాత లక్ష్యాన్నీ పక్కన పెట్టింది. 2024లో స్వీడన్ కూడా నాటోలో చేరింది. నార్వే 1949లో వేసిన అడుగుని పొరుగింటివాడు 75 ఏళ్లకి వేశాడన్నమాట.

నాకు దీంట్లో కనిపించేది ఒకటే. సాయం అబద్ధం కాదు. కానీ అది ఇచ్చేవాడి భయాల్లోంచి, రాజకీయాల్లోంచి, అలవాట్లలోంచి వస్తుంది. ఈరోజు భారత్ కూడా నేపాల్‌కి, భూటాన్‌కి, మాల్దీవులకి సాయం ఇచ్చే దేశమే. రేపు మనం కట్టే రోడ్డు, డ్యామ్ గురించి అక్కడి మత్స్యకారుడో రైతో ఏమంటాడు? నీండకర జాలరి అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు మనల్నీ అడుగుతుంది: నాకేం కావాలో నన్ను అడిగారా?

ఆలోచించండి. మళ్లీ కలుద్దాం.