లైవ్‌లో ఖాళీ కుర్చీ: మధ్యలో లేచి వెళ్లడానికీ ఓ చరిత్ర ఉంది

పోయిన శనివారం లైవ్ చూసినవాళ్లకి తెలుసు, నేను మధ్యలో మాయమైపోయాను. రెండు గంటలు ఆపకుండా మాట్లాడాక గొంతు ఎండిపోయింది. "ఒక్క నిమిషం" అని మైక్ మ్యూట్ చేసి వంటింట్లోకి వెళ్తే నీళ్ల క్యాన్ ఖాళీ. కింద కొట్టుకెళ్లి ఇంకో క్యాన్ మోసుకొచ్చేసరికి పదకొండు నిమిషాలు. లేచినప్పుడు 340 మంది ఉన్నారు, తిరిగొచ్చేసరికి 90. ఉద్యోగం మానేసి ఈ పనిలో దిగినవాడికి ఆ అంకె ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అది ఒక ఎత్తు. ఫోన్‌లో అమ్మవి ఏడు మిస్డ్ కాల్స్, అదొక ఎత్తు. ఒంగోల్లో కూర్చుని నా ఖాళీ కుర్చీనే చూస్తూ ఉందట. "కళ్లు తిరిగి పడిపోయావేమో అనుకున్నాన్రా" అంది.

ఈ ఎపిసోడ్ ఆ మాట మీదే. జనం ముందు ఆగకుండా నడిచే పనిలో మధ్యలో ఖాళీ వస్తే ఏం చేయాలి? ఇదేం యూట్యూబ్‌తో పుట్టిన సమస్య కాదు.

1941 సెప్టెంబర్ 8న జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్‌ని చుట్టుముట్టింది. ఇప్పటి సెయింట్ పీటర్స్‌బర్గ్ అదే. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. లక్షల మంది ఆకలితో, చలితో చచ్చిపోయారు. అక్కడ ఇళ్లల్లో ఉన్నది మనం చూసిన రేడియో సెట్ కాదు, తీగతో స్టేషన్‌కి కలిపిన స్పీకర్. అనౌన్సర్లకీ తిండి లేదు, రోజంతా మాట్లాడే ఓపిక ఎవరికుంటుంది? అందుకని కార్యక్రమం లేనప్పుడు మెట్రోనోమ్ వినిపించేవాళ్లు. సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం కోసం పెట్టుకునే యంత్రం అది. నిమిషానికి దాదాపు 50 దెబ్బలు నెమ్మదిగా పడుతుంటే ప్రమాదం లేదని అర్థం. అదే 150 దాకా వేగం పెరిగితే విమానాలొస్తున్నాయి, పరిగెత్తండి అని.

1942 జనవరిలో కరెంటు లేక నగరంలో చాలా చోట్ల స్పీకర్లు మూగబోయాయి. అప్పుడు నిలబడే సత్తువ కూడా లేని మనుషులు మంచులో నడుచుకుంటూ రేడియో భవనానికి వచ్చారు, ఏమైందని అడగడానికి. వాళ్లకి కావాల్సింది పాటో వార్తో కాదు. అవతల ఎవరో ఒకరు ఉన్నారన్న గుర్తు, అంతే.

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని హార్ట్‌బీట్ అంటాం. ఒక సర్వర్ కొన్ని సెకన్లకోసారి ఇంకో సర్వర్‌కి "ఉన్నాను" అని కబురు పెడుతూ ఉంటుంది. ఆ కబురు ఆగిపోతే అవతలిది ఇక వీడు పోయాడనే లెక్క వేసుకుంటుంది. మా అమ్మ వేసుకున్న లెక్కా అదే. (ఈ పోలిక నాకు చాలా పెద్దదైపోయింది, ఒప్పుకుంటాను. వాళ్లది చావుబతుకుల సంగతి, నాది నీళ్ల క్యాన్.)

ఇక బీబీసీ. 1950ల మొదట్లో టీవీ నాటకాలంటే స్టూడియోలో అప్పటికప్పుడు ఆడేవే. పనికొచ్చే వీడియో టేప్ 1956 దాకా రాలేదు. అంకానికీ అంకానికీ మధ్య కెమెరాలు జరపాలి, నటులు బట్టలు మార్చుకోవాలి. పోనీ యాడ్స్ వేద్దామంటే బీబీసీలో యాడ్స్ లేవు. దాంతో చిన్న చిన్న ఫిల్ములు తీసి పెట్టుకున్నారు. ఒక పిల్లిపిల్ల ఆడుకోవడం, గుర్రాలతో పొలం దున్నడం లాంటివి. అన్నిట్లోకీ పేరొచ్చింది కుమ్మరి చక్రానికి. తిరిగే చక్రం మీద రెండు చేతులు మట్టిని పైకి లాగుతాయి, మళ్లీ అణుస్తాయి. కుండ మాత్రం ఎప్పటికీ పూర్తవదు!

జనం దీని మీద జోకులు వేసుకున్నారు గానీ నాకైతే అందులోనే తెలివి కనిపిస్తుంది. కుండ పూర్తయితే చూసేవాడికి "అయిపోయింది" అనిపిస్తుంది, లేచిపోతాడు. పూర్తవకపోతే ఎప్పుడు కళ్లు తిప్పుకున్నా నష్టం లేదు, ఎప్పుడు తిరిగొచ్చినా ఫరవాలేదు. ఇప్పుడు స్ట్రీమర్లు పెట్టే "ఇప్పుడే వస్తా" బోర్డు కంటే ఇది నాకు చాలా నయం. ఆ బోర్డు చూస్తే నాకు మా నాన్న చెప్పే దూరదర్శన్ రోజులు గుర్తొస్తాయి. "అంతరాయానికి చింతిస్తున్నాం" అని పడిందంటే ఇంటిల్లిపాదీ లేచి భోజనాలకి వెళ్లిపోయేవారట.

నన్నడిగితే వీళ్లందరికంటే ముందున్నది మన తోలుబొమ్మలాట. రామాయణమో భారతమో రాత్రంతా ఆడాలి. పిల్లలు తూగుతుంటారు, పాడేవాళ్ల గొంతు అలిసిపోతుంది. సరిగ్గా అప్పుడు తెర మీదికి జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దిగుతారు. అసలు కథతో వీళ్లకి సంబంధమే ఉండదు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మోటు సరసాలాడతారు. కథకి విరామం, జనానికి మాత్రం పండగ. రాముడి కంటే బంగారక్క కోసమే కూర్చునేవాళ్లూ ఉంటారు. కాకపోతే దానికి ఇంకో మనిషి కావాలి, నా దగ్గర నేనొక్కణ్నే ఉన్నాను.

అందుకని బుధవారం లైవ్‌లో ఇలా చేశాను. గంట కాగానే పాత ఫోన్‌ని వంటింట్లో స్టాండ్‌కి తగిలించి టీ గిన్నె చూపించాను. మైక్ ఆపలేదు. గిన్నె చప్పుడు, కప్పుల చప్పుడు, నా దగ్గు అన్నీ వినపడుతూనే ఉన్నాయి. టీ పొంగిపోతుందా పోదా అని చాట్‌లో పందేలు మొదలయ్యాయి. ఆరు నిమిషాలు. వెళ్లేటప్పుడు 310 మంది, వచ్చేసరికి 285. టీ పొంగింది కూడా, స్టవ్ తుడుచుకోవాల్సొచ్చింది.

అమ్మ ఫోన్ చేయలేదు. చాట్‌లో ఒక్క మెసేజ్ పెట్టింది: "అల్లం వేయలేదేంరా?"