108 యుద్ధాలు, 108 గుళ్ళు

ఏలూరుకు ఉత్తరాన, ఆయిల్‌పామ్ తోటల నడుమ ఉన్న పెదవేగి ఒకప్పటి వేంగి. తూర్పు చాళుక్యుల రాజధాని.

ఈ కథకు మొదలు ఒక అవమానం. రాష్ట్రకూట చక్రవర్తి మూడో గోవిందుడి దూత నోట సగం మాట వెలువడిందో లేదో, వేంగీశ్వరుడు పరుగున వెళ్ళి, నౌకరులా చాకిరీ చేసి, ఆయన విడిదికి ప్రాకారం కట్టాడట. 808 నాటి రాధన్‌పూర్ శాసనం గొప్పగా చెప్పుకున్న సంగతి ఇది. ఆ వేంగీశ్వరుడి పేరు మాత్రం అందులో లేదు. రాజు గోడ కట్టాడంటే మట్టి తట్టలు మోసింది ఎవరో వేరే చెప్పాలా!

ఆ రోజుల్లోనే వేంగిలో రెండో విజయాదిత్యుడు గద్దెనెక్కాడు. రాష్ట్రకూటులకు తల వంచలేదు. గోవిందుడు విజయాదిత్యుడి సోదరుడు భీమ సాళుకికి అండగా నిలిచాడు. సింహాసనం చేజారింది.

ఆ తర్వాతి సంగతి ఈదేరు తామ్రశాసనంలో ఉంది. ఆగిరిపల్లి దగ్గర దొరికిన ఆ రేకుల ప్రకారం విజయాదిత్యుడు రాత్రనక పగలనక కత్తి దూసి, గంగ, రట్ట (రాష్ట్రకూట) సేనలతో 12 ఏళ్ళలో 108 యుద్ధాలు చేశాడు. నయంతోనూ విక్రమంతోనూ గెలిచాడు. అన్నే శివాలయాలు కట్టించాడు.

యుద్ధమూ గుడీ ఒకేచోట ఎలా కలిశాయో శాసనం చెప్పదు. ఈ దృశ్యం నా ఊహ. కొల్లేటి గట్టున ఒక ఊరు, అర్ధరాత్రి. కళ్ళంలో రైతు, ఎదురుగా గుర్రం మీద రాజు.

"కోతలైనాయా?"

"అయినాయి దేవరా. సగం ధాన్యం నిన్న భీముడి మనుషులు తోలుకుపోయారు."

"మిగిలిన సగం ఎవరూ ముట్టుకోరు. ఈ దిబ్బ మీద శివుడికి గుడి కడతాం. దీపానికి భూమి రాసిస్తాం. నీ కొడుకులకు అక్కడే పని."

రైతు దణ్ణం పెట్టాడు.

"వాళ్ళు మళ్ళీ వస్తే, ఏ దారిన వచ్చారో నాకు కబురు రావాలి."

రాకపోతే ఏమవుతుందో రాజు చెప్పలేదు, రైతు అడగలేదు.

108 పవిత్ర సంఖ్య. యుద్ధాలనైనా గుళ్ళనైనా ఎవరూ వేళ్ళు మడిచి లెక్కపెట్టి ఉండరని నా నమ్మకం. నన్ను ఆపేది గుళ్ళకు పెట్టిన పేరు. విజయాదిత్యుడి బిరుదు నరేంద్ర మృగరాజు, గుళ్ళలో దేవుడు నరేంద్రేశ్వరుడు. గుడి వెలిస్తే అర్చకుడికి, మేళగాళ్ళకు, దండలు కట్టేవాళ్ళకు, నూనె పోసేవాళ్ళకు బతుకుతెరువు దొరుకుతుంది. వాళ్ళ నోట దేవుడి పేరు పలికినప్పుడల్లా రాజు పేరు పలుకుతుంది. కత్తి గద్దెను తిరిగి తెచ్చిపెట్టింది. ఆ తర్వాత దాన్ని కాచింది ఈ గుళ్ళేనని నేననుకుంటాను. వాళ్ళ భక్తి బూటకం కాదు. రాజు ప్రేమ కూడా పూర్తిగా బూటకమని అనలేను. కానీ ఆ ప్రేమకు ఖర్చుపెట్టిన భూమీ చెమటా రాజువి కావు.

శత్రుత్వం కూడా చివరికి చుట్టరికమైంది. అతని కొడుకు కలి విష్ణువర్ధనుడు పెళ్ళాడింది రాష్ట్రకూటుల ఆడపడుచునే.

ఈదేరు రేకులు వేయించింది విజయాదిత్యుడు కాదు, పదో శతాబ్దంలో అతని మునిమనవడి మనవడు మొదటి అమ్మరాజు. తాత ముత్తాతల పరాక్రమమంతా ఏకరువు పెట్టి, చివర్న అసలు పని చెప్పాడు: తన సేనాని భండనాదిత్యుడికి గొంటూరు గ్రామాన్ని 12 పల్లెలతో సహా ఇచ్చాడు. ఆ సీమలోని కుటుంబీకులను, అంటే అక్కడ దున్నుకునే కాపులను, పిలిచి ఆజ్ఞ వినిపించాడు. దానికి ఎవరూ అడ్డురాకూడదన్నాడు, వస్తే పంచమహాపాతకాలు చుట్టుకుంటాయన్నాడు. కాపులు ఏమన్నారో ఆ రేకుల మీద ఒక్క అక్షరమైనా లేదు.