మన పాతర కథ: ధాత, ఈశ్వర కరువులో ఇరుగుపొరుగు

మన వంశావళి పుస్తకం మూడో పేజీలో ఒక వాక్యం ఉంది. "ధాత కరువులో పాతర తెరిచి ఊరంతటికీ అన్నం పెట్టిన వంశం." చిన్నప్పుడు పండగలకు అందరం కలిసినప్పుడు తాత ఆ పేజీ తీసి చదివించేవాడు. మేము చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యాల్లో అదొకటి. ఈసారి రాస్తున్నది ఆ వాక్యం గురించే. దాన్ని కొంచెం మార్చాలని మా అభిప్రాయం. ఎందుకో చివరిదాకా చదివి, అప్పుడు పెద్దలు కోప్పడండి.

2020 లాక్‌డౌన్ సడలినాక మేము బెంగళూరు ఇల్లు ఖాళీ చేసి ఊరికి వచ్చేసినాం. చింతామణి వైపు మన వాటాకు మిగిలింది రెండెకరాలు. పగలు ల్యాప్‌టాప్ ముందు టెస్టింగ్ పని, పొద్దునా సాయంత్రం చేను. ఆ రోజుల్లో అందరికీ ఉన్న భయమే మాకూ ఉండేది. మళ్ళీ అంగళ్ళు మూతపడితే ఎట్లా? ఆరు నెలలకు సరిపడా రాగులు, కందులు, ఉలవలు డ్రమ్ముల్లో పోసి పెట్టినాం. మిద్దె మీద సోలార్ పలకలు వేయించినాం. మాలాగే ఊర్లకు వెళ్ళిపోయిన బెంగళూరు స్నేహితులు కొందరు వాట్సాప్‌లో ఒక గుంపు పెట్టుకున్నారు. ఏం దాచాలి, ఎంత దాచాలి, ఎన్ని రోజులకు వస్తుంది, ఇదే మాట. అందరిలోకీ దగ్గరివాళ్ళు మాకు నలభై కిలోమీటర్ల దూరం.

మరుసటి ఎండాకాలం బోరు మోటారు కాలిపోయింది. గుంపులో అడిగితే పది సలహాలు వచ్చినాయి. ఏమీ అడక్కముందే పక్క చేని తాత తన బోరు నుంచి పైపు లాక్కొచ్చి మా తొట్టి నింపినాడు. ఆపదకు సిద్ధంగా ఉన్నవాళ్ళను మేము ఫోన్‌లో వెతుకుతుంటే, అసలు మనిషి గట్టు అవతలే ఉన్నాడు.

ఆ సంతోషంలో ఒక తప్పు చేసినాం. "తాతా, మీ ఇంట్లో ఎంత నిలవ పెట్టుకుంటారు?" అని నేరుగా అడిగేసినాం. తాత మాట మార్చి వెళ్ళిపోయినాడు. ఒకరి గాదెలో ఎంత ఉందని అడక్కూడదన్నది పల్లె మర్యాద. అది మరిచిపోయేంత కాలం పట్నంలో ఉండిపోయినాం. ఆ తర్వాత అడగడం మాని, పనికి పోవడం మొదలుపెట్టినాం. మన వైపు ముయ్యి అంటారు కదా: ఈరోజు మీ మనుషులు మా చేనికి, రేపు మా మనుషులు మీ చేనికి. డబ్బు లెక్క లేదు, మనిషికి మనిషి. రెండేండ్లు కలుపు తీసి, కోత కోసి, కల్లంలో కూర్చున్నాక ఒక రాత్రి తాతే పాతర సంగతి ఎత్తినాడు.

పాతర ఎట్లా పని చేసేదో మన పిల్లలకు తెలియదు కాబట్టి ముందు అది చెప్పాలి. కన్నడలో దీన్నే హగేవు అంటారు. నీళ్ళు నిలవని మెరక చోట, గట్టి నేలలో తవ్విన గుంత. మూతి ఒక మనిషి దిగేంత సన్నం, లోపల కుండలాగా వెడల్పు. చుట్టూ గడ్డి వేసి రాగులు నింపి, పైన మళ్ళీ గడ్డి పరిచి, బండ పెట్టి, మట్టితో మెత్తేవాళ్ళు. రాగి గింజ చిన్నది, గట్టిది, పురుగు అంత సులభంగా పట్టదు. మూసిన గుంతలో గింజలూ ఉన్న పురుగులూ ఊపిరి పీల్చి పీల్చి లోపలి ప్రాణవాయువు తగ్గిపోతుంది, బొగ్గుపులుసు వాయువు నిండుతుంది. అందులో పురుగు బతకదు. అందుకే రాగులు ఏండ్ల తరబడి చెడకుండా ఉండేవి.

పురుగును చంపే గాలి మనిషినీ చంపుతుంది. అది మామూలు గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. పాతర తెరిచిన వెంటనే దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. అందుకే మూత తీసి చాలాసేపు ఆరనిచ్చి, తర్వాత తాటికి దీపం కట్టి లోపలికి దించేవాళ్ళు. దీపం ఆరిపోతే ఇంకా దిగకూడదు. వెలుగుతుంటే దిగొచ్చు. ఈ దీపం సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక కరువు. మన పెద్దలు ధాత కరువు అంటారు, కన్నడిగులు ధాతు ఈశ్వర బర అంటారు. మన సంవత్సరాల పేర్లతో చూస్తే కన్నడ పేరే సరైనది. ఇది ఒక ఏడు కరువు కాదు. ధాత అంటే 1876 ఉగాది నుంచి 1877 ఉగాది వరకు, ఈశ్వర ఆ తర్వాతి ఏడు. మైసూరు సీమలో 1875లోనే వానలు తగ్గినాయి. 1876లో ముంగారూ పోయింది, హింగారూ పోయింది. 1877లో కూడా సెప్టెంబరు దాకా సరైన వాన లేదు.

అప్పుడు మైసూరు రాజ్యం బ్రిటిష్ కమిషనర్ల చేతిలో ఉండేది. ఒడెయర్లకు తిరిగి అప్పగించింది 1881లో. 1871 జనాభా లెక్కలో రాజ్యంలో 50 లక్షల పైచిలుకు మనుషులు. పదేండ్ల తర్వాత 1881 లెక్కలో 42 లక్షల లోపే. మామూలుగా పెరగాల్సిన జనం ఎనిమిది లక్షలకు పైగా తగ్గిపోయినారు. అందరికన్నా ముందు పోయింది సొంత భూమి లేని కూలివాళ్ళు, మగ్గం నేసేవాళ్ళు. వాళ్ళకు పాతరలు లేవు. పని ఉంటేనే గింజలు.

1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటిస్తూ ఢిల్లీలో దర్బారు జరిపించినాడు. ఆ నెలలోనే ఖర్చు తగ్గించమని రిచర్డ్ టెంపుల్‌ను దక్షిణాదికి పంపినాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కరువు పనుల్లో రోజుకు ఒక పౌను ధాన్యం చాలని టెంపుల్ తేల్చినాడు. అంటే 450 గ్రాములు. ఎండలో రాళ్ళు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదురు చెప్పినాడు. తర్వాత కొంత పెంచినారు. మైసూరులోనూ కరువు పనులు నడిచినాయి. బెంగళూరు–మైసూరు రైలు దారి పనుల్లో కూలికి చేరినవాళ్ళలో కరువు బాధితులు చాలామంది.

ఇప్పుడు తాత చెప్పిన మాట. వాళ్ళది నీరుగంటి ఇల్లు. చెరువు తూము తీసి, ఏ మడికి ఎంత నీళ్ళో కొలిచి వదిలే పని వాళ్ళది. ఆ సేవకు ప్రతిగా ఇచ్చిన మాన్యమే ఇప్పుడు మన పక్క చేను. వాళ్ళ వాడ ఊరి బయట, చెరువుకట్ట దగ్గర.

"మీ పెద్దోళ్ళు గంజి పోసింది నిజమేనప్పా, కాదనేదానికి లేదు. మావోళ్ళకు చెరువుకట్ట మీద పోసినారు. అది మొదటేడు. రెండో ఏడు గంజి నిలిపేసినారు, పాతర అయిపోయిందన్నారు. ఒక నడిరేయి మీ పెరట్లో గుంతలోకి దీపం దించినారు. మావోళ్ళు కట్ట మీద నుంచి చూసినారు. దీపం ఎందుకు దించుతారో మాకు తెలియదా?"

వాళ్ళింటి నుంచి కరువు పనికి నలుగురు పోతే ఒకడు తిరిగొచ్చినాడంట. ఆ ఒక్కడి మనవడి మనవడు ఈ తాత. మన ఇంటిని వాళ్ళ ఇంట్లో చాలాకాలం "దీపం దించినోళ్ళు" అని పిలిచేవాళ్ళంట. ఇది చెప్పి తాత లేచి వెళ్ళిపోలేదు. బీడీ ముట్టించి, "రేపు కుప్ప కొట్టేదానికి ఎంతమంది వస్తారు?" అని అడిగినాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మా ఉద్యోగం ఏమంటే తప్పులు వెతకడం. అంతా బాగుందని చెప్పే రిపోర్టుకన్నా ఎక్కడ చెడిందో చెప్పే రిపోర్టుకే విలువ అని పది మందికి చెప్పే మనుషులం. మన ఇంటి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అడగనే లేదు. మరుసటి వారం మేనత్త దగ్గరికి పోయినాం. ఆమెకు ఎనభై దాటింది. విని కాసేపు ఊరకుండి, "ఔ నాయనా. మా జేజి చెప్పేది. మొదటేడు పోసినారు, రెండో ఏడు తలుపేసుకున్నారు. ఇంటినిండా పిల్లోళ్ళు. ఏం చేస్తారు మరి?" అన్నది. ఈ రెండో సగం పుస్తకంలోకి ఎందుకు రాలేదని అడిగితే, "ఆడోళ్ళు చెప్పింది ఎవరు రాసుకుంటారు?" అన్నది.

అత్త అడిగిన ప్రశ్నకు ఒక లెక్క వేసి చూసినాం. పాతరలో 20 క్వింటాళ్ళ రాగులు ఉన్నాయనుకోండి. మనిషికి రోజుకు అర కిలో. అంటే 4000 మనిషి రోజులు. పది మంది ఉన్న ఇంటికి అది 400 రోజులు. వంద మందికి పోస్తే 40 రోజులు. కరువు నడిచింది రెండేండ్లు. ఎట్లా వేసినా చాలదు. మన పెద్దలు ఆ లెక్క వేసుకునే తలుపు మూసినారేమో. అందుకని మేము వాళ్ళను తిట్టడం లేదు. ఆకలితో ఉన్న సొంత పిల్లలను పెట్టుకుని మనం అయితే ఏం చేసి ఉంటాం? మా డ్రమ్ముల్లో ఆరు నెలల తిండి ఉంది. గట్టు అవతలి మనుషులు వచ్చి నిలబడితే ఏం చేస్తామన్నది మేము డ్రమ్ములు కొన్నప్పుడు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఇంకోటి కూడా తోచింది. మన పాతర మన పెరట్లో ఉంది. చాలా ఊర్లలో పాతరలు వీధిలో, నలుగురూ నడిచే చోట ఉండేవి. ఎవరు తెరిచినా అందరికీ కనిపిస్తుంది. దొంగ భయం తక్కువ, ఒకరి కన్ను ఒకరి మీద ఉంటుంది. పెరట్లో ఉన్న పాతరకు ఆ కాపలా లేదు, ఆ సిగ్గూ లేదు.

అదే ఊరిలో చెరువు మాత్రం వేరే పద్ధతిలో నడిచింది. నీళ్ళు తక్కువైన ఏడు ఎవరి మడికి ఎంత అన్నది మడి యజమాని చేతిలో లేదు. నీరుగంటి వదిలినంతే. పూడిక తీయాలంటే అందరూ రావాలి, కట్ట తెగితే అందరూ పోవాలి. చిన్న నీళ్ళను పంచుకునే ఆ తెలివి ధాన్యానికీ ఉండి ఉంటే రెండో ఏడు కొందరైనా మిగిలేవాళ్ళని మాకు అనిపిస్తుంది. తమ కూటికి మాత్రం ఊరి దయ మీద ఆధారపడాల్సి వచ్చింది ఆ నీళ్ళు పంచిన ఇంటివాళ్ళే. పెద్ద లెక్కలో ప్రభుత్వం చేయాల్సింది వేరే ఉంది. ఈ కరువు తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, 1883లో కరువు నియమావళి వచ్చినాయి. కానీ ఊరి లోపల జరగగలిగింది ఊరి లోపలే జరగాలి.

ఇప్పుడు బోర్లు వెయ్యి అడుగులు దాటి పోతున్న కాలం. నీరుగంటి పని చాలా ఊర్లలో నిలిచిపోయింది. మేము చేస్తున్నది చిన్నది. మా ఇల్లు, తాత ఇల్లు, అవతలి గట్టు మీద ఉన్న అక్క ఇల్లు, మూడూ కలిసి ఒక పద్ధతి పెట్టుకున్నాం. కోత కాగానే మూడిండ్ల విత్తన రాగులు, అనుములు, కందులు మూడు భాగాలు చేసి, ప్రతి ఇంట్లో మిగతా రెండిండ్ల విత్తనం కూడా ఉంచుతాం. ఒక ఇంట్లో ఎలుకలు పడినా, తడిసినా, ఎవరి విత్తనమూ పూర్తిగా పోదు. మా డ్రమ్ములు ఎక్కడున్నాయో, ఎంత ఉందో తాతకూ అక్కకూ తెలుసు. వాళ్ళ గాదెలో ఎంతుందో మేము అడగలేదు. పోయిన సంక్రాంతికి తాతే లోపలికి పిలిచి చూపించినాడు.

పుస్తకం మళ్ళీ అచ్చు వేయించాలని చిన్నాయన అంటున్నారు కదా. మూడో పేజీలో ఆ వాక్యం తీసి ఇది పెట్టమని మా మనవి:

"ధాత సంవత్సరంలో మన పెద్దలు పాతర తెరిచి ఊరికి గంజి పోసినారు. ఈశ్వర సంవత్సరంలో అది చాలక తలుపు మూసుకున్నారు. ఆ ఏడు నీరుగంటి ఇంటి నుంచి ముగ్గురు తిరిగి రాలేదు."

మొదటి వాక్యం మన మర్యాద. దాన్ని ఎవరూ తీసేయడం లేదు. మిగతా రెండు వాక్యాలకు ఒప్పుకోని వాళ్ళు ఉంటే ఈ ఉగాదికి ఊరికి రండి. పెరట్లో పాతర మూతి బండ ఇంకా ఉంది, చూపిస్తాం. ఆ తర్వాత గట్టు దాటి తాత దగ్గరికి కూడా పోదాం.