రోడ్డును కాపాడిన గాలి బుడగలు

1930ల నడిమికాలంలో న్యూయార్క్ రాష్ట్రంలో చలికాలం వెళ్లేసరికి కాంక్రీట్ రోడ్లు పెచ్చులూడిపోయేవి. మంచు కరగాలని చల్లిన ఉప్పు ఆ నష్టాన్ని ఇంకా పెంచేది. పై పొర రేకులుగా లేచిపోయి కంకర బయటపడేది. అదే చలి, అదే ఉప్పు తగిలినా కొన్ని రోడ్లు మాత్రం చెక్కుచెదరలేదు.

పరీక్షించి చూస్తే, నిలిచిన కాంక్రీట్ మిగతాదానికన్నా కాస్త తేలిగ్గా ఉంది. ఆరా తీస్తే, దాని సిమెంట్ వచ్చిన మిల్లుల్లో సరుకు సులువుగా నలగడానికి పశువుల కొవ్వు కలుపుతున్నారని తెలిసింది. కాంక్రీట్ కలిపేటప్పుడు ఆ కొవ్వు సబ్బులా నురగ పుట్టించి, సన్నని గాలి బుడగలను లోపలే నిలిపేసింది. కాంక్రీట్ ఎంత దిట్టంగా ఉంటే అంత మన్నుతుందని నమ్మిన ఇంజనీర్లకు ఇది పెద్ద పాఠం.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంట్ అసోసియేషన్ శాస్త్రవేత్త టి.సి. పవర్స్ 1945లో దీన్ని ఆధారం చేసుకుని ఒక వివరణ ఇచ్చారు. సూక్ష్మరంధ్రాల్లో మంచు పెరిగేకొద్దీ మిగిలిన నీరు పక్కకు నెట్టుకుపోతుంది. దారి దొరక్కపోతే ఆ ఒత్తిడికి గట్టిపడిన సిమెంట్ చీలుతుంది. దగ్గర్లో బుడగ ఉంటే నీరు అందులోకి చేరుతుంది. ఎంత దగ్గర ఉండాలో 1949లో ఆయనే లెక్క కట్టే పద్ధతి చూపారు. తర్వాత వాడుకలో స్థిరపడిన హద్దు సుమారు 0.2 మిల్లీమీటర్లు. అయితే 1953లో తోటి పరిశోధకుడు హెల్ముత్‌తో కలిసి చేసిన ప్రయోగాల్లో నీరు మంచు వైపే కదులుతున్నట్టు కనబడింది. పవర్స్ తన సిద్ధాంతాన్ని తానే సవరించుకున్నారు. బుడగల ఎడం లెక్క మాత్రం నేటికీ చెల్లుతోంది.

కొవ్వు స్థానంలో పైన్ చెట్ల మొదళ్ల నుంచి తీసే విన్‌సాల్ రెజిన్ వచ్చింది. మోంటానాలో 1953లో పూర్తయిన హంగ్రీ హార్స్ డ్యామ్ కాంక్రీట్‌లోనూ ఇలా గాలి నింపారు.

అయితే గాలి ఒక్క శాతం పెరిగితే బలం సుమారు 5 శాతం తగ్గుతుంది. అందుకే పని జరిగేచోటే కొలుస్తారు. పచ్చి కాంక్రీట్‌ను గిన్నెలో మూడు పొరలుగా నింపి, పొరకు 25 సార్లు కడ్డీతో పొడిచి, పక్కలు సుత్తితో తట్టి, మూత బిగించి ఒత్తిడి ఇస్తారు. గాలి శాతాన్ని చూపే మీటరు ముల్లు సాధారణంగా 5 నుంచి 7 మధ్య ఆగాలి.

ఇంత చేసినా పచ్చి కాంక్రీట్‌ను చలికి వదిలేయకూడదు. చల్లబడేకొద్దీ సిమెంట్, నీటి మధ్య చర్య మందగిస్తుంది. అందుకే అమెరికాలో వేడినీళ్లతో కలుపుతారు, మందపాటి దుప్పట్లు కప్పుతారు, గుడారం వేసి హీటర్లు పెడతారు. హీటర్ పొగను బయటికి పంపాల్సిందే. అందులోని కార్బన్ డయాక్సైడ్ తగిలితే పచ్చి పైపొర పొడిపొడిగా రాలుతుంది. కనీసం 3.5 మెగాపాస్కళ్ల బలం రాకముందు ఒక్కసారి కూడా గడ్డకట్టనివ్వరు. గాలి నింపిన కాంక్రీట్ అయినా సరే, పదేపదే గడ్డకట్టి కరగడాన్ని తట్టుకోవాలంటే ముందు 24 మెగాపాస్కళ్లకు చేరాలి.