చంపీ చేసిన చేతులు

తెలుగులో 'కాళ్ళు పట్టుకున్నాడు' అంటే ప్రాధేయపడ్డాడని. 'కాళ్ళు పిసికాడు' అంటే ఊడిగం చేశాడని. ఒళ్ళు పట్టి బతికినవాళ్ళం గనక ఈ మాటలు మాకు ఉత్త జాతీయాలుగా వినపడవు.

మేం హజ్జాంలం. క్షౌరం, సున్తీ, మాలిష్ మా పనులు. మాలిష్‌కి బడి లేదు, పరీక్ష లేదు. నేర్చుకునే పిల్లాడికి సొంత తొడే పలక. మొదట అరచెయ్యి మొత్తం ఆనించి నిమరాలి. నూనె పరుచుకోవాలి, ఒళ్ళు చేతికి అలవాటు పడాలి. తర్వాత పిసకడం. కండను వేళ్ళకూ అరచేతికీ మధ్య పట్టి, ఎత్తి, వదలాలి. చర్మం గిల్లితే అది పిసకడం కాదు. ముడి తగిలినచోట బొటనవేలు నిలిపి నొక్కాలి. బలం వేలిది కాదు, భుజం మీదుగా ఒంటి బరువు దిగాలి, లేకపోతే ముందు మన వేలే పోతుంది. వెన్నుపూసకు ఇరుపక్కలా చెయ్యాడాలి గానీ ఎముక మీద కాదు. ఆఖరున రెండు చేతులూ దొప్పలా కలిపి తట్టడం. ఆ టపటప చప్పుడే సినిమావాళ్ళకు నచ్చింది. 1957లో వచ్చిన 'ప్యాసా'లో జానీ వాకర్ వేసిన మాలిష్‌వాలా అబ్దుల్ సత్తార్‌ని చూసి దేశమంతా నవ్వింది. మేమూ నవ్వాం.

అలాగని ఇది శాస్త్రం లేని పని కాదు. వెయ్యేళ్ళ కిందటే ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో దీన్ని 'దల్క్' పేరుతో రాశాడు. గట్టిగా రుద్దితే ఒళ్ళు బిగుస్తుంది, మెత్తగా రుద్దితే సడలుతుంది, ఎక్కువగా రుద్దితే చిక్కుతుంది, మితంగా రుద్దితే కండ పడుతుందన్నాడు. హకీం సాబ్ చెప్పేవాడు, హజ్జాం చేసేవాడు. సలాం మాత్రం హకీం సాబ్‌కే.

ఈ పనితో ఇంగ్లండులో పేరు కొట్టినవాడొకడున్నాడు. 1759లో పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్. కంపెనీ సైన్యం వెంట తిరిగి, 1784లో ఐర్లండ్ చేరాడు. 1794లో ఇంగ్లీషులో పుస్తకం అచ్చేశాడు. భారతీయుడు ఇంగ్లీషులో రాసి అచ్చేసిన మొదటి పుస్తకం అదే. 1810లో లండన్‌లో హోటలు పెట్టి దివాలా తీశాడు. ఆ తర్వాత బ్రైటన్ సముద్రతీరంలో ఆవిరి స్నానం, చంపీ మొదలుపెట్టాడు. రోగి ఫ్లానెల్ గుడారంలో ఆవిరి పట్టుకుంటూ కూర్చునేవాడు. గుడారానికి చొక్కా చేతుల్లాంటివి కుట్టి ఉండేవి. వాటిలోంచి మాలిష్ చేసేవాడి చేతులు మాత్రమే లోపలికి వెళ్ళేవి. మనిషి బయటే! నాలుగో జార్జి రాజు ఆయన్ని తన 'షాంపూయింగ్ సర్జన్'గా పెట్టుకున్నాడు. మన 'చాంపో' అక్కడ 'షాంపూ' అయింది. తర్వాత సీసాకెక్కి మళ్ళీ మన కొట్లకే వచ్చింది.

మాకు దీనికన్నా పెద్ద సంగతి ఇంకొకటుంది. 1822లో చంపీ మీద వేసిన పుస్తకంలో ఆయన తన పుట్టిన ఏడును 1749 చేసుకున్నాడు. వైద్యం చదివానని చెప్పుకోడానికి ఆ పదేళ్ళు కావాల్సొచ్చాయి. పదేళ్ళప్పుడే సైన్యం వెంట పోయినవాడికి వైద్యం చదివే వయసెక్కడిది? ఇది మా దేశంలో మంగళ్ళూ నౌకర్లూ చేసే పని అంటే ఏ దొర ఒళ్ళప్పగిస్తాడు? ఆయన్ని మేం తప్పుపట్టం. చేతికి లేని మర్యాద చదువుకుంది, అది అరువు తెచ్చుకున్నాడు.

దొరల సంగతి సరే, మనవాళ్ళ మాటేమిటి? అరబ్బీలో హజ్జాం అంటే చెడురక్తం తీసేవాడు. ప్రవక్త (స) అబూ తైబా అనే హజ్జాం చేత హిజామా చేయించుకుని కూలి ఇప్పించిన హదీసు మౌల్వీ సాబులకు తెలియంది కాదు. అయినా అరబ్బు దేశాల ఫిఖా పండితులే కొందరు పెళ్ళి సంబంధాల్లో హజ్జాంని తక్కువ వృత్తివాడిగా లెక్కగట్టారు. ఇక్కడా అంతే. మసీదులో సఫ్ ఒకటే. సంబంధం అడగబోతే మాత్రం అష్రాఫ్ ఇంటి గుమ్మం వేరు.

2007లో ఆంధ్రప్రదేశ్ బీసీ-ఈ జాబితాలో హజాం, నాయి అని మా పేర్లు అచ్చయ్యాయి. మాలో కొందరు ఆ సర్టిఫికెట్టుకు సిగ్గుపడి 'షేక్' అనే రాయించుకున్నారు. షేక్ కూడా అదే జాబితాలో ఉంది.