పోచారంలో రెండు సగాల పందెం

స్లాబుకు ఇనుము కట్టారు. కాంక్రీటు పడకముందే కడ్డీల వెంట, చల్లటి నీళ్లు పారేందుకు ప్లాస్టిక్ పైపులు మెలికలుగా పరిచారు. అదీ సగం భవనానికే. హైదరాబాద్ తూర్పు అంచున, పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో మిగతా సగానికి మామూలు సెంట్రల్ ఏసీ పెట్టారు. మొత్తం రెండున్నర లక్షల చదరపు అడుగులు. రెండు సగాలూ అచ్చు ఒకేలా ఉంటాయి, చల్లబరిచే తీరొక్కటే వేరు.

సంస్థ హరిత విభాగంలోని రోహన్ పారిఖ్, గురుప్రకాశ్ శాస్త్రి బృందానికి ఎదురైన అసలు పరీక్ష వానాకాలం. తేమ గాలి తగిలితే చల్లటి కప్పుకు కుండలా చెమట పట్టి, కంప్యూటర్ల మీద బొట్లు రాలవా? అందుకే బయటి గాలిలోని తేమను ముందే పిండేసి లోపలికి వదిలారు. పైపుల్లోకి మరీ చల్లటి నీళ్లు పోనివ్వలేదు, దాదాపు 14 డిగ్రీలు చాలు. నీళ్లు అంత చల్లగా అక్కర్లేదంటే వాటిని చల్లబరిచే యంత్రానికి, అంటే చిల్లర్‌కు, శ్రమ తగ్గినట్టే.

2011లో భవనం నడక మొదలైంది, ఏ సగం మీటర్లు ఆ సగానివే. రెండేళ్ల లెక్క తీస్తే చల్లదనానికి పైపుల సగం 34 శాతం తక్కువ కరెంటు వాడింది. ఓడింది పాత డొక్కు ఏసీ కాదు, పొదుపుగా డిజైన్ చేసినదే. ఆ అంకెను నేను నమ్మేది అందుకే. కట్టుబడి ఖర్చు కూడా పైపుల వైపు కాస్త తక్కువే తేలింది.

ఈ పొదుపు ఇప్పుడెందుకంటే, 2025 మార్చి 20న తెలంగాణ విద్యుత్ డిమాండ్ 17,162 మెగావాట్లకు ఎగబాకింది. హైదరాబాద్ శివార్లలో నాదర్‌గుల్ నుంచి ఆదిభట్ల దాకా ఇప్పుడు కొత్త కట్టడాలు లేస్తున్నాయి. పైపులు వేయాలంటే స్లాబు రోజే వేయాలి, ఆ రోజు దాటితే కుదరదు.

దాటిపోయిన భవనాలకు మంచు ట్యాంకులున్నాయి. రాత్రి చిల్లర్ గడ్డకట్టని గ్లైకాల్ ద్రావణాన్ని సున్నా కన్నా దిగువకు చల్లబరిచి, ట్యాంకులో నీటిని గడ్డ కట్టిస్తుంది. పగలు ఆ మంచు కరుగుతూ గదుల వేడిని లాగేస్తుంది. కిలో నీళ్లు 7 నుంచి 12 డిగ్రీలకు వెచ్చబడితే పీల్చుకునే వేడి 5 కిలోక్యాలరీలు, కిలో మంచు కరగడానికి పీల్చేది 80. అందుకే చల్లటి నీటి ట్యాంకు కన్నా మంచు ట్యాంకుకు తక్కువ జాగా చాలు. మంచు చేయడానికి యూనిట్లు కాస్త ఎక్కువే పట్టొచ్చు, కానీ పగటి భారం రాత్రికి జరుగుతుంది. కాలేజీలు, ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లు కట్టించేవారు ఈ లెక్కను ఆర్కిటెక్టు చేత ముందే వేయించుకోవాలి.