ఎడపల్లి నేల కింది చరిత్ర

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో మా ఎడపల్లి. ఊరి చరిత్ర అనగానే నిజాం కాలపు అలీసాగర్, జానకంపేట నరసింహస్వామి గుట్ట, శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ముందుకొస్తాయి. నేల కింది రాయిని తలిచేవాళ్లు తక్కువ. ఇక్కడి పంట, నీళ్లు, రాతి పని దాన్ని బట్టే నడిచాయి.

మనకున్నది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. పడమరన మద్నూర్, జుక్కల్ వైపు దాని మీద దక్కన్ లావా పరుచుకుని నల్లరేగడి అయింది. అలీసాగర్ చుట్టూ కనిపించే గుండ్లు గ్రానైటులోని నెర్రెల వెంట రాయి అరిగి విడివడినవి. ఆ నెర్రెల తీరు, మడతలు, పగుళ్లు చదివే శాస్త్రమే స్ట్రక్చరల్ జియాలజీ.

బండ కొట్టే వడ్డెర మేస్త్రికి ఈ చదువు చేతుల్లోనే ఉంటుంది. సమ్మెట ఎత్తకముందే బండ చుట్టూ తిరుగుతాడు, తడుముతాడు, సుత్తితో తట్టి మోత వింటాడు. రాయి ఏ వాటాన చీలుతుందో తేలాకే వరుసగా గుంతలు తొలిచి ఇనుప చీలలు దిగగొడతాడు. వాటం తప్పితే బండ ముక్కలై కంకరకే పనికొస్తుంది.

ఈ చదువు బొగ్గు గనుల్లోనూ అక్కరే. కందకుర్తి దగ్గర మన జిల్లాలోకి వచ్చే గోదావరి దిగువన బొగ్గు నేల చేరుతుంది. అక్కడ కోట్ల ఏళ్ల కింద సమాంతరమైన పగుళ్ల మధ్య భూమి కుంగింది. ఆ పల్లంలో చెట్టూచేమా ఇసుక కింద పూడి బొగ్గయింది. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దాన్ని గుర్తించాడు, 1889లో తవ్వకం మొదలైంది. సింగరేణి గనిలో బొగ్గు పొర ఉన్నట్టుండి రాతికి తగిలి ఆగిపోతే, అక్కడ ఫాల్టు, అంటే పొరలు తెగి జారిన పగులు, ఉన్నట్టు. అది ఎటు వాలిందో, పొర ఎన్ని మీటర్లు జారిందో లెక్క కట్టాకే పైకి తవ్వాలా, కిందికి తవ్వాలా అన్నది తేలుతుంది. లెక్క తప్పితే డబ్బూ శ్రమా మట్టిపాలు.

మనకు బొగ్గు లేదు, కానీ ఆ లెక్క మనకూ అక్కరే. గట్టి గ్రానైటులో నీళ్లు నిలవవు. పైన మెత్తబడ్డ పొరలోనూ, లోపలి పగుళ్లలోనూ మాత్రమే ఉంటాయి. అందుకే ఒక చేనులో బోరు పోస్తుంది, పక్క చేనులో దుమ్ము లేస్తుంది. రైతు అప్పు చేసి వేసిన బోరు ఎండితే కుంగేది ఇల్లంతా.

ప్రతి బోరుకూ ఎంత లోతున రాయి తగిలింది, ఎక్కడ పగులు వచ్చింది, ఎన్ని నీళ్లు పడ్డాయన్నది పంచాయతీ ఒక పుస్తకంలో రాయించాలి. కొన్నేళ్లలో ఊరి కింది పగుళ్ల పటం మన చేతికొస్తుంది. ఆ పటం చూసి బోరు ఎక్కడ వేయాలో, ఏ గుట్ట తవ్వకుండా వదలాలో ఊరే తేల్చుకోవచ్చు.